కత్తుల కార్ఖానాలో బఫింగు చక్రము

కత్తులు చేయు కార్ఖానాలో కొలిమిని, సుత్తిని, సానను చూచి జంకువారు సైతము, ఒక మూల మెత్తని గుడ్డచక్రముతో తిరుగుచుండు బఫింగు యంత్రమును చూచి భయపడరు. కాని అనుభవజ్ఞులైన పనివారు పెక్కుమంది అన్నిటికంటె ప్రమాదకరమైనదిగా ఎంచునది దానినే.

నిమిషమునకు 2,800 సార్లు తిరుగు మోటారుకు 8 అంగుళాల చక్రమును బిగించినచో, దాని అంచు గంటకు 100 కిలోమీటర్లను మించిన వేగముతో పరుగిడును. కత్తి మొన గాని వాదర గాని గుడ్డ మడతలలో చిక్కినంతనే, పట్టు ఎంత దృఢమైనదైనను, ఆ కత్తి చేతి నుండి ఊడి పనివాని మీదికే దూసుకొని రావచ్చును.

అట్లని ఆ యంత్రమును పారవేయనక్కరలేదు. వేళ్లతో గట్టిగ పట్టుకొనదగినంత పరిమాణము గల కొయ్యపిడులకును, కొమ్ముపిడులకును, మొనలేని ఇత్తడి భాగములకును తుదిమెరుగు నిచ్చుటకు అది యోగ్యమే. 4 అంగుళాల చక్రమును వాడినచో అంచు వేగము సగమగును. పిడి అమర్చిన కత్తికైనచో, పదును పెట్టకమునుపే, అలుగును మందపు తోలుతో చుట్టి, పిడికి మాత్రమే మెరుగు పెట్టవలెను.

చక్రపు ముందు భాగము క్రిందికి తిరుగునట్లు అమర్చి, మధ్యరేఖకు దిగువనే, ఏ అంచునకును చక్రము ఎదురు రాకుండ, తేలికగా తాకించవలెను. కన్నులకు అద్దములు, ముక్కునకు ముసుగు అవశ్యములు. చేతితొడుగులు, వ్రేలాడు వస్త్రములు నిషిద్ధములు.

అలుగు నునుపును చేతితో గరుకు కాగితము రుద్ది సాధించుడు. జాగు కొంత యగును గాని, చేతులు క్షేమముగ నుండును.