పోచమ్మకు ఏ రేటు కడతారు?

పోలవరం లెక్కలు మనకు కంఠతా వచ్చు. 194 టీఎంసీల నిల్వ, 7.2 లక్షల ఎకరాల కొత్త ఆయకట్టు, 960 మెగావాట్ల కరెంటు. మరి ఈ లెక్కల్లో కోయల, కొండరెడ్ల దేవతలు ఎక్కడున్నారు?

దేవీపట్నం మండలం గొందూరులో గండి పోచమ్మ గుడి ఉంది. కాఫర్ డ్యాం కట్టాక వరదొస్తే చాలు, గుడి మునుగుతోంది. భూమి పండుగ చేయనిదే కోయలు విత్తనం వేయరు. ఆ కొండ, ఆ చెట్టు, ఆ ఏరు పోయాక పండుగ ఎక్కడ చేయాలి? పునరావాస కాలనీలోనా? ఇంటికి రేటు కట్టారు. పోచమ్మకు ఏ రేటు కడతారు?

డెల్టా రైతుకు నీళ్లు వద్దని మనం అనడం లేదు. గిరిజనులను అడిగి కట్టమంటున్నాం. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. గిరిజన ఆచారాలను కాపాడే అధికారం 1996 నాటి పెసా చట్టమే గ్రామసభకు ఇచ్చింది. 2013లో ఒడిశా నియంగిరి కొండ కేసులో, డోంగ్రియా కోందుల దేవుడి హక్కు సంగతి గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పింది. 12 గ్రామసభలూ గని వద్దన్నాయి. న్యూజిలాండ్‌లో మావోరీల పోరాటంతో 2017లో వాంగనూయి నదికి చట్టమే మనిషి హోదా ఇచ్చింది.

మన నీళ్ల కోసం కొట్లాడిన మనమే ఈ మాట గట్టిగా అనాలి: నది మీద ఏ ప్లానైనా ముందు గ్రామసభ గడప తొక్కాలి, ఆ తర్వాతే టీఎంసీల లెక్క!