రేవు దాటే సరుకు, మన సంతకం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన వాళ్ళలో మిర్చి, పసుపు, తోలు వ్యాపారాలు చేసేవారున్నారు. సరుకు పై దేశాలకు పంపాలని ఆశ ఉన్నా "ఆ కస్టమ్సు గొడవ మనకెందుకులే" అని కొందరు వెనక్కి తగ్గుతారు. మరికొందరు ఖాళీ కాగితాల మీద సంతకాలు చేసి ఎవరి చేతిలోనో పెడతారు. రెండూ మంచివి కావు. అందుకే నాలుగు మాటలు చెప్పదలిచాను.

సముద్ర వ్యాపారం మనకు కొత్తది కాదు. 17వ శతాబ్దంలో గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా ఓడలు మచిలీపట్నం నుంచి పారశీకానికి, బర్మాకు వెళ్ళేవి. విశాఖ రేవు 1933లో మొదలైంది. ఇప్పుడు గుంటూరు మిర్చి విశాఖ, చెన్నై రేవుల గుండా పోతుంది.

ఒక కంటైనరు మిర్చి పంపాలనుకోండి. మొదట విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ వారి కోడ్ నంబరు తీసుకోవాలి. సుడాన్ రంగు కలిసిందా, బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ విషం ఉందా అని స్పైసెస్ బోర్డు వారు నమూనా పరీక్షిస్తారు. కొనే దేశం అడిగితే మొక్కల క్వారంటైన్ సర్టిఫికెట్టు కూడా కావాలి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు చూసి కస్టమ్స్ బ్రోకరు కంప్యూటరు ద్వారా షిప్పింగ్ బిల్లు దాఖలు చేస్తాడు. నింపిన కంటైనరు బరువు తూచి ధ్రువపరచాలనే నిబంధన 2016 జూలై 1 నుంచి ఉంది. అన్నీ సరిపోతే కస్టమ్స్ అధికారి "లెట్ ఎక్స్‌పోర్ట్" ఆర్డరిస్తాడు. అప్పుడే సరుకు ఓడెక్కుతుంది. తర్వాత ఓడ కంపెనీ వారు బిల్ ఆఫ్ లేడింగ్ ఇస్తారు, ఎగుమతి మానిఫెస్టు దాఖలు చేస్తారు. ఆ మానిఫెస్టు పడకపోతే మనకు రావలసిన డ్రాబ్యాక్ సొమ్ము ఆగిపోతుంది. ఓడ వెళ్ళిపోయింది గదా అని ఊరుకోకుండా దాన్ని కనుక్కోవాలి.

ఇందులో అర్థం కానిదేముంది? కాగితంలో ఉన్నదే కంటైనరులో ఉండాలి, అంతే! లిస్టులో 500 బస్తాలని రాసి లోపల 480 ఉంటే కంటైనరు విప్పుతారు. ఓడ మన కోసం ఆగదు. రేవులో అద్దె పెరుగుతుంది, కొన్నవాడి నమ్మకం పోతుంది. 1962 కస్టమ్స్ చట్టం 50వ సెక్షను ప్రకారం బిల్లులోని వివరాలు నిజమని చెప్పే బాధ్యత ఎగుమతిదారుడిది. తప్పుడు వివరాలిస్తే సరుకు జప్తు చేయడానికీ, జరిమానా వేయడానికీ అదే చట్టంలో వీలుంది. "బ్రోకరు రాశాడండీ" అంటే తప్పించుకోలేము. కనుక చదవకుండా సంతకం చేయవద్దు, ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

మన ప్రవక్త (స) హజ్రత్ ఖదీజా (ర) గారి సరుకు తీసుకొని షాముకు వ్యాపారానికి వెళ్ళారు. ఒకరి సొత్తును అమానతుగా ఎట్లా చూడాలో అక్కడే నేర్చుకోవచ్చు. తూకంలో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ ఖురాన్‌లో ఒక సూరాయే ఉంది. షిప్పింగ్ బిల్లు కూడా ఒక తూకమే.

యువకులకు ఒక మాట. పూర్వం క్లియరింగ్ ఏజెంటు అనేవారిని 2013 నుంచి నిబంధనల్లో కస్టమ్స్ బ్రోకరు అంటున్నారు. లైసెన్సుకు తగిన చదువు, కస్టమ్సు శాఖ పెట్టే రాత పరీక్ష, మౌఖిక పరీక్ష ఉన్నాయి. ముందు ఒక బ్రోకరు ఆఫీసులో చేరి పని నేర్చుకోవచ్చు. లెక్క, ఇంగ్లీషు, ఓర్పు ఉన్నవారికి ఇది గౌరవమైన జీవనోపాధి. మన ఆడపిల్లలు కూడా కంప్యూటరు దగ్గర కూర్చుని ఈ పని చక్కగా చేయగలరు.

కార్యవర్గం వారికి నా మనవి ఒక్కటే. పుస్తకాలకు, ఫీజులకు మనం ఇస్తున్న సాయంతో పాటు, ఈ ఏడాది ఒక ఆదివారం షిప్పింగ్ బిల్లు చదవడం నేర్పే క్లాసు పెట్టండి. చిన్న వ్యాపారులు, వారి పిల్లలు కలిసి కూర్చోవాలి. తన కాగితం తాను చదువుకోగలిగినవాణ్ణి మోసం చేయడం తేలిక కాదు.

అల్లాహ్ మన సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక.