మట్టాంచేరి బల్లలు



యూదుల చరిత్ర మీద మన దగ్గర ఎక్కడ ఉపన్యాసం జరిగినా ఒక మాట తప్పక వినబడుతుంది: లోకమంతా తరిమిన యూదులను మన దేశం మాత్రం కడుపులో పెట్టుకుంది అని. అందులో నిజం చాలా ఉంది. మిగిలినదాని గురించే ఇవాళ నా మనవి.

ముందు నిజమే చెప్పుకుందాం. క్రీ.శ. 1000 ప్రాంతంలో చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే యూదు ప్రముఖుడికి రాగిరేకుల మీద శాసనం రాయించి ఇచ్చాడు. పల్లకి, గొడుగు, పగటి దివిటీతో సహా 72 మర్యాదలు అందులో ఉన్నాయి. 1568లో కొచ్చిన్ రాజు కోట పక్కనే, మట్టాంచేరిలో, పరదేశి సినగాగ్ అనే యూదుల ప్రార్థనా మందిరం లేచింది. రాజుకు వర్తకం కావాలి, వర్తకులకు నీడ కావాలి; ఇందులో ఔదార్యమెంతో, లెక్క ఎంతో విడదీయడం నా వల్ల కాదు.

అదే 1568లో గోవాలో గార్సియా ద ఓర్తా చనిపోయాడు. మన మందుమొక్కల గురించి 1563లో అక్కడే పుస్తకం అచ్చువేయించిన పోర్చుగీసు వైద్యుడాయన. పైకి క్రైస్తవుడు, పుట్టింది యూదు వంశంలో. మరుసటి ఏడే ఆయన సోదరి కతరీనాను ఇన్‌క్విజిషన్ అనే క్రైస్తవ మతవిచారణ సంస్థ తగలబెట్టించింది. 1580లో ఆయన ఎముకలను కూడా తవ్వి తీసి కాల్చారు. చేసింది పోర్చుగీసువారే, ఒప్పుకుంటాను. జరిగింది మాత్రం ఈ నేల మీదే.

గోవాను పరాయివాళ్ల ఖాతాలో వేసి ఊరుకోవచ్చు. మట్టాంచేరిని అలా వేయలేం. విదేశాల నుంచి వచ్చినవారు తెల్ల యూదులు. అంతకు ముందునుంచీ ఉన్న మలబారు యూదులు నల్ల యూదులయ్యారు. తెల్ల యూదుల ఇళ్లలో బానిసలుగా ఉండి విడుదలైనవారి సంతతి మూడో వరస. ఈ మూడో వరసవారికి పరదేశి సినగాగ్‌లో బల్లల మీద చోటు లేదు. వసారాలోనో నేల మీదో కూర్చోవాలి. మతం మార్చుకుని విడుదలైనవారితో పెళ్లి కూడదనడం తప్పని 16వ శతాబ్దంలోనే కైరో నుంచి మతాచార్యుడు డేవిడ్ ఇబ్న్ అబీ జిమ్రా తీర్పు పంపాడు. తీర్పు అటకెక్కింది. ఆ కట్టుబాటు యూదుల ధర్మగ్రంథం తోరా నుంచి వచ్చింది కాదు, మన వీధుల నుంచి వెళ్లింది.

ఆ మూడో వరసలో పుట్టినవాడు ఏబీ సలేం (1882–1967). మద్రాసులో చదివి లాయరయ్యాడు, కొచ్చిన్ శాసన మండలిలో కూర్చున్నాడు, 1929 లాహోర్ కాంగ్రెస్‌కు వెళ్లొచ్చాడు. శాసన మండలిలో దొరికిన కుర్చీ సొంత సినగాగ్‌లో దొరకలేదు. గాంధీ గారి దారినే పట్టి అక్కడా సత్యాగ్రహం చేశాడు. ఆంక్షలు ఒక్కొక్కటే సడలాయి. అయినా 1950లో ఆయన కొడుకు తెల్ల యూదుల పిల్లను చేసుకోవాలంటే బొంబాయి వెళ్లి పెళ్లాడాల్సి వచ్చింది. అప్పటికే ఊరు ఖాళీ అవుతోంది. ఇజ్రాయెల్ ప్రయాణాలకు అధికారులతో మాట్లాడిపెట్టినవారిలో సలేమూ ఒకడు. కొన్నేళ్లలోనే ఎక్కువమంది వెళ్లిపోయారు.

ఈ వరసల కథ మట్టాంచేరితోనే ముగిసిందనుకోకండి. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. మాదిగ కుటుంబాలు. తాము ఎఫ్రాయిమ్ గోత్రపు యూదులమని చెప్పుకుంటారు, శనివారం విశ్రాంతి పాటిస్తారు. వీరి ప్రస్తావన తెచ్చిన ప్రతిచోటా నాకు ఎదురైన మొదటి ప్రశ్న వాళ్ల కులం గురించే. వాళ్ల ప్రార్థన గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు.