పాల సొమ్ము, ఫోను మోసాలు
(సంఘ సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు గారి ప్రసంగం)



పాల బిల్లు బ్యాంకు ఖాతాలో వద్దు, మునుపటిలా చేతికే ఇప్పించండని తనిఖీకి వెళ్ళిన చోట కొందరు సభ్యులు మమ్ములను అడుగుతున్నారు. ఫోను మోసాల భయం ఉత్తది కాదు. కాని చేతి చెల్లింపుల్లో ఎవరికెంత ముట్టిందో తేల్చడానికి పడిన పాట్లు మాకు తెలుసు. ఖాతాయే మేలు.

"మీ బోనసు ఆగింది, పిన్ను నొక్కితే జమ అవుతుంది" అంటాడు మోసగాడు. 2016లో వచ్చిన యు.పి.ఐ. పద్ధతిలో డబ్బు పంపడానికే పిన్ను కావాలి, రావడానికి అక్కరలేదు. నొక్కామంటే మన క్యాను మనమే వాడి బిందెలోకి వంచినట్లు. ఓ.టి.పి. కూడా బ్యాంకు మేనేజరునన్నవాడికైనా చెప్పరాదు.

ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసే ఏర్పాటుకు పిన్నూ అక్కరలేదు. నకలు వేలిముద్రలతో సొమ్ము కాజేసిన ఉదంతాలున్నాయి. ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేసుకోవచ్చు, పనిపడినప్పుడు తీసుకోవచ్చు. ఇంట్లో చదువుకున్న పిల్లలచేత ఆ పని చేయించండి.

డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోను చేయాలి. సిగ్గుపడి తెల్లవారేదాకా ఆగితే సొమ్ము నాలుగైదు ఖాతాలు దాటుతుంది. దాటకముందే ఆపించడానికే ఆ నంబరు. కార్యదర్శులు దానిని సేకరణ కేంద్రం గోడపై, వెన్న శాతం ధరల పట్టిక పక్కన, పెద్ద అక్షరాలతో రాయించాలి. వచ్చే తనిఖీలో చూస్తాము.