పచ్చని చెట్టు, బోలు మాను
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అల్ ఖోబర్‌లో నా వృత్తి ఉక్కు గొట్టాలను, ట్యాంకులను కోయకుండా, పగులగొట్టకుండా వాటి లోపలి లోపాన్ని కనిపెట్టడం. దానినే నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ అంటారు. దమ్మాం, జుబైల్ ప్రాంతాలలో ఈ పని చేసినవారు మీ పెద్దలలోనూ ఉంటారు. గుడి పండుగనాడు గొట్టాల ప్రసక్తి ఏమిటని మీకు తోచవచ్చు. నేను చెప్పబోయేది గుడి ముందరి చెట్టు గురించి.

మా ఊరి శివాలయం ఎదుట ఒక పెద్ద రావిచెట్టు ఉండేది. ఒకసారి సెలవులకు వెళ్ళినప్పుడు మా బాబాయి గారు నన్ను పిలిచి, చెట్టు మొదట్లో పలకలాంటి పుట్టగొడుగు లేచిందనీ, చెట్టుకు ప్రమాదమేమైనా ఉందేమో చూడమనీ అడిగారు. తలెత్తి చూశాను. కొమ్మ కొమ్మకూ ఆకు కళకళలాడుతోంది. "భయం లేదు బాబాయ్ గారూ" అన్నాను. ఆ శ్రావణంలోనే ఒక రాత్రి ఈదురుగాలికి మాను మొదట్లో విరిగి నాగప్రతిష్ఠ రాళ్ళమీద పడింది. అర్ధరాత్రి కావడం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. పగలైతే అక్కడ పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. విరిగిన మాను నడుమ పిడికిలితో నలిపితే పొడి అయ్యే చెక్క తప్ప మరేమీ లేదు. ప్రతిదినమూ ఉక్కును అనుమానించే నేను, చెట్టును మాత్రం ఆకు చూసి నమ్మాను.

ఆకు ఎందుకు మోసగించింది? చెట్టులో ప్రాణమున్న భాగం బెరడు క్రింది పలుచని పొర, దానికి ఆనుకొన్న వెలుపలి చెక్క. నీరు ఆ వెలుపలి చెక్కగుండానే పైకి పోతుంది. నడిమి చేవలో జీవకణాలు లేవు. అది చెట్టును నిలబెట్టే స్తంభం మాత్రమే. విరిగిన కొమ్మ గాయంగుండానో, తెగిన వేరుగుండానో శిలీంధ్రం ప్రవేశించి ఆ చేవను తింటుంది. కొన్ని జాతులు సెల్యులోజును తిని చెక్కను గోధుమరంగు పొడిగా మారుస్తాయి. మరికొన్ని లిగ్నిన్‌ను కూడా కరిగించి తెల్లని పీచుగా చేస్తాయి. పైన ఆహారం, నీరు యథాప్రకారం సాగుతూనే ఉంటాయి. పుట్టగొడుగు బయటికి కనిపించేనాటికి లోపల తెగులు ఎంతో కాలంగా పనిచేస్తూ ఉండవచ్చు.

దీనిని కనిపెట్టడానికి మొదటి సాధనం చెక్క సుత్తి. తట్టితే గట్టి మాను ఒక విధంగా, బోలు మాను డప్పువలె మరొక విధంగా పలుకుతుంది. ఇంతకన్నా కచ్చితమైనది ధ్వని తరంగాల పరీక్ష. మాను చుట్టూ గ్రాహకాలను అమర్చి ఒక్కొక్కచోట సుత్తితో తడతారు. ధ్వని ఒకచోటునుండి మరొకచోటుకు చేరడానికి పట్టిన కాలాన్ని యంత్రం లెక్కిస్తుంది. ఉక్కులో ధ్వని సెకనుకు దాదాపు 5,900 మీటర్లు పోతుంది. పచ్చి చెక్కలో అడ్డంగా సుమారు 1,000 నుండి 2,000 మీటర్లు. మధ్యలో పుచ్చు ఉంటే ధ్వని దానిని చుట్టి పోవాలి కనుక ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాలన్నిటినీ కూర్చి కంప్యూటరు మాను అడ్డుకోత చిత్రాన్ని గీస్తుంది.

ఈ చిత్రం దైవవాక్కు కాదు. చిన్న బీట కూడా ధ్వనిని ఆపుతుంది కనుక బీట పెద్ద పుచ్చులా కనిపించవచ్చు. తొలిదశ తెగులు అసలు కనిపించకపోవచ్చు. అందుకే తేమను తెలిపే విద్యుత్ నిరోధ పరీక్షను, సన్నని సూదిని దింపి చెక్క ఎదురును కొలిచే రెసిస్టోగ్రాఫును తోడుగా వాడతారు. మిగిలిన గట్టి గోడ మందం మాను వ్యాసార్ధంలో సుమారు పదింట మూడు వంతులకన్న తగ్గితే ప్రమాదం పెరుగుతుందని జర్మనీ శాస్త్రజ్ఞుడు క్లాస్ మాథెక్ ఒక కొలత చెప్పాడు. వ్యాసార్ధం 50 సెంటీమీటర్లయితే గట్టి గోడ 15 సెంటీమీటర్లైనా ఉండాలన్నమాట. దీనిపై నిపుణులలో వాదాలున్నా, ఆలోచనకు ఇది మంచి ఆరంభం.

ఖర్జూరం, కొబ్బరి వేరు. వాటికి వలయాలు లేవు, గాయాన్ని పూడ్చే పొర లేదు, నడుమ సహజంగానే మెత్తన. కనుక వాటి చిత్రాన్ని రావిచెట్టు చిత్రంలా చదవకూడదు. వాటికి మరొక శత్రువు ఎర్ర ముక్కుపురుగు. సౌదీలో అది మొదట బయటపడినది ఈ అల్ ఖోబర్‌కు చేరువలోని ఖతీఫ్‌లో, 1987లో. దాని పిల్లపురుగు మానులోపల చెక్కను నమిలే చప్పుడును కనిపెట్టడానికి కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయ పరిశోధకులు మానుకు ఆప్టికల్ ఫైబర్ తీగ చుట్టి, 12 రోజుల వయసు పురుగును కూడా గుర్తించగలిగినట్లు 2020లో ప్రకటించారు. మన కొబ్బరి రైతు మానుకు చెవి ఆనించి వినే విద్యకు ఇది కొత్త రూపం.

మన వారసత్వం కూడా ఈ జాగ్రత్తను కోరుతోంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిలో 2017 డిసెంబరులో చెదలు తొలిచిన పెద్దకొమ్మ కూలింది. ఆ తరువాత 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించి, కొమ్మలకు ఊతాలు పెట్టి, ఆ మర్రిని కాపాడుకొన్నారు. సురపాలుని వృక్షాయుర్వేదం చెట్లకూ వాత పిత్త కఫ దోషాలను ఆపాదించి చికిత్స చెప్పింది. చెట్టుకూ రోగముంటుందని, వైద్యముంటుందని మన పూర్వులు ఒప్పుకొన్నారు.

యువ మిత్రులారా! రేపు ఈ సంఘపు బాధ్యతలు, మీ తాతల ఊరి గుడి చెట్టును గురించిన నిర్ణయాలు మీ చేతికి వస్తాయి. భయంతో గొడ్డలి పట్టవద్దు; భక్తితో కళ్ళు మూసుకోవద్దు. మొదట పరీక్ష చేయించండి. కొమ్మల బరువు తగ్గించడమా, ఊతం పెట్టడమా, కంచె కట్టి జనాన్ని దూరముంచడమా, తప్పనిసరైతే పూజించి తీసివేయడమా అన్నది ఆ తరువాత తేలాలి. పుచ్చులో సిమెంటు నింపకండి, మొదలు చుట్టూ వేరు ఊపిరాడకుండా గచ్చు వేయకండి, తొర్రలో దీపం పెట్టకండి.

మా ఊరిలో ఆ చోటనే కొత్త రావిమొక్క నాటారు. ఈసారి వెళ్ళినప్పుడు బాబాయి గారు అడిగితే, ఆకు చూసి జవాబు చెప్పను.