కాగిన యింజను – కారణ విచారణ
(ప్రసంగ పాఠము)



రాయపురము నుండి జగదల్‌పూరునకు రోడ్డు మార్గము సుమారు 300 కిలోమీటర్లు. కాంకేరు దాటిన పిమ్మట కేశ్‌కాల్ ఘాట్ రోడ్డు ఎదురగును. పండ్రెండు మలుపులు గల యీ యెక్కుడే బస్తరు పీఠభూమికి ఉత్తర ద్వారము. దారిలో తేలిన్ మాత గుడియొద్ద బండి నిలిపి మ్రొక్కి పోవుట డ్రైవర్ల ఆచారము. ఇంజను అలసట తీర్చుకొనుటకు కూడ ఆ నిలుపుదల మంచిదే.

ఈ సీమ తెలుగువారికి క్రొత్తది కాదు. భద్రాచలము నుండి కోంటా, సుక్మాల మీదుగా జగదల్‌పూరు చేరవచ్చును. 1958లో కేంద్ర ప్రభుత్వము దండకారణ్య ప్రణాళికను చేపట్టినది. హైదరాబాదు ముఖ్య కార్యాలయముగా గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ కూడ ఆ యేటనే వెలసి, పిమ్మట బైలదిల్లా కొండలలో ఇనుప రాయి త్రవ్వుచున్నది. ఉద్యోగరీత్యా ఆ దారిని పోయిన కుటుంబములలో అంబాసిడరు కారు నెరుగనివారు అరుదు. ఆ కారు తయారీ 2014లో నిలిచిపోయినను, నాటి బండ్లను ప్రేమతో కాపాడుకొనువారు నేటికిని కలరు. అట్టి పాత కారు ఘాట్ రోడ్డు నడుమ పొగలు గ్రక్కుచు నిలిచిపోయినపుడు, పిల్లలతో, వృద్ధులతో నున్న గృహస్థు ఏమి చేయవలెను? నేటి ప్రసంగ విషయ మిదియే.

మొదట చేయరాని పనులు రెండు కలవు. కాగియున్న రేడియేటరు మూతను వెంటనే త్రిప్పరాదు. సముద్రమట్టమున నీరు 100 డిగ్రీల వద్ద మరుగును. చదరపు అంగుళమునకు 7 పౌన్ల ఒత్తిడి నిలుపు మూత యున్నచో సుమారు 111 డిగ్రీల వరకు మరుగదు. మూత తీసిన క్షణముననే ఒత్తిడి తొలగి, లోని నీరంతయు ఒక్కుమ్మడిగా మరిగి ముఖముపైకి ఎగజిమ్మును. దానివలన ముఖమును కన్నులును కాలిపోవును. రెండవది, కాగిన యింజనులో చన్నీరు పోయరాదు. అట్లు పోసినచో ఇనుము పగులవచ్చును. బండిని ప్రక్కకు తీసి, ఇంజను ఆపి, బానెట్టు ఎత్తి, కనీసము అరగంట ఓపిక పట్టవలెను. పిమ్మట మందపు గుడ్డతో మూతను కొద్దిగా వదులు చేసి, ఆవిరి పోయిన తరువాతనే తీయవలెను.

ఇక విచారణ. పెట్రోలు మండి పుట్టించు వేడిలో సుమారు మూడవ వంతు నీటి ద్వారా రేడియేటరునకు చేరి, గాలిలో కలిసిపోవలెను. ఇందులకు నాలుగు కావలెను: చాలినంత నీరు, ఆ నీటిని త్రిప్పు పంపు, అడ్డులేని దారి, రేడియేటరు గుండా వీచు గాలి. వీనిలో ఏది లోపించినను ఇంజను కాగును. కాగుట వ్యాధి కాదు, వ్యాధి లక్షణము. జ్వరము చూచినంతనే ఒకే మందు నిచ్చు వైద్యుని వలె, కారు కాగినంతనే రేడియేటరు మార్పించుట పెక్కుచోట్ల వాడుకయైనది. ధనము వ్యయమగును, దోషము మాత్రము తొలగదు. మరల అదే మలుపున అదే పొగ.

కాబట్టి విడిభాగము నడుగుటకు ముందు "ఎప్పుడు కాగినది?" అని అడుగవలెను. సగము సమాధానము ఈ ప్రశ్నలోనే యున్నది.

నెమ్మదిగా ఎక్కునపుడో, నిలిచియున్నపుడో మాత్రమే కాగి, సమతలముపై వేగముగా పోవునపుడు చల్లబడినచో, లోపము గాలియందు కలదు. వేగముగా పోవు కారునకు గాలి తానే ఎదురు వచ్చును. ఎక్కుడున ఫానే దిక్కు. ఫాను బెల్టు వదులయినదా, నూనె అంటి జారుచున్నదా చూడవలెను. వ్రేలితో నొక్కిన సుమారు అర అంగుళము మాత్రమే లోనికి పోవలెను. రేడియేటరు ముందరి సన్నని రేకుల నడుమ అడవి పురుగులు, గడ్డి గింజలు, బస్తరు ఎఱ్ఱమట్టి దుమ్ము పేరుకొన్నవేమో చూడవలెను. ఇంజను వైపు నుండి ముందునకు నెమ్మదిగా నీరు చిమ్మి కడిగినచో చాలును.

వేగముగా పోవునపుడే కాగినచో, లోపము నీటి దారియందు కలదు. ఏండ్ల తరబడి ఉప్పునీరు పోసిన రేడియేటరు గొట్టములలో గార పట్టియుండును. ఇంజను చల్లగా నున్నపుడు మూత తీసి చూచిన కొంత తెలియును. క్రింది రబ్బరు గొట్టము మెత్తబడినచో, ఇంజను జోరు హెచ్చినపుడు పంపు పీల్పునకు చప్పబడి నీటి నాపును. జోరు తగ్గగనే యథాప్రకార మగును. అందువలన నిలిచియున్న బండిలో ఆ దోషము కనబడదు.

బయలుదేరిన కొలది నిముషములకే కాగినచో థర్మోస్టాటును అనుమానింపవలెను. క్రింది గొట్టము చల్లగనే యుండి ఇంజను మాత్రము మండిపోవుచున్న, ఆ అనుమానము బలపడును. దానిని తీసి గిన్నెడు నీటిలో వ్రేలాడదీసి కాచిన, నీరు మరుగకముందే తెరచుకొనవలెను. తెరచుకొననిచో మార్చవలెను.

బయట ఎచ్చటను కారక దినదినము నీరు తగ్గుచున్నచో విచారణ గంభీరమగును. రేడియేటరు నీటిలో ఎడతెగని బుడగలు, పొగగొట్టమున వీడని తెల్లని ఆవిరి, ఆయిలు పుల్లపై మజ్జిగ వంటి నురుగు, ఇవి హెడ్డు గాస్కెట్టు చెడినదనుటకు సాక్షులు. ఇట్టి బండిని "ఊరు చేరిన చాలు" నని నడుపరాదు. కొన్ని మైళ్ల తొందర వలన హెడ్డు వంగిపోయి, గాస్కెట్టుతో పోవు ఖర్చు ఇంజను విప్పు ఖర్చగును.

నీటితో సంబంధము లేని కారణములును కలవు. జ్వలన కాలము ఆలస్యమగుట, పెట్రోలు పాలు తగ్గి గాలి హెచ్చుట, బ్రేకు పట్టి వదలకుండుట, పై గేరులోనే మూలుగుచు ఎక్కించుట, ఇవన్నియు ఇంజనును కాచును. ఎక్కుడున క్రింది గేరు వేసినచో పంపును ఫానును వడిగా తిరిగి, ఇంజను భారము తగ్గును. మరియు ఎండవేళ పెట్రోలు పంపులో ఆవిరి చేరి బండి ఆగిపోవుట వేరు, ఇంజను కాగుట వేరు. నీరు నిండుగా, మరుగకుండగా నుండి బండి మాత్రమే ఆగినచో, పెట్రోలు పంపుపై తడిగుడ్డ వేసి కొంతసేపు ఆగిన చాలును.

మన కార్యాలయములలో వాస్తవములు ఫైలులో చేరకమునుపు ఉత్తర్వు వ్రాయరు. కారు విషయమునను ఈ నియమమే మేలు. ఎచ్చట, ఏ గేరులో, ఎంత వేగమున, బయలుదేరిన ఎంత సేపటికి కాగినది, నీ రెంత తగ్గినది, ఈ అయిదు సంగతులు ఒక చీటిపై వ్రాసి మెకానిక్కు చేతికిచ్చిన, అతని పని సగమగును. యజమాని వ్యయమును తగ్గును. మెకానిక్కు గ్యారేజీలో చూచునది చల్లారిన బండిని. అది ఘాట్ రోడ్డుపై ఎట్లు ప్రవర్తించెనో చూచినవారు కారులోనివారే.

ప్రయాణమునకు ముందునాడు బెల్టును, గొట్టములను, నీటిని పరీక్షించుటకు పావుగంట చాలును. దానితోపాటు రెండు క్యానుల మంచినీరు, ఒక బెల్టు, ఒక మందపు గుడ్డ బండిలో నుంచుకొన్నచో, కేశ్‌కాల్ మలుపులలో పిల్లలు అడవి అందమును చూతురు. పెద్దలు పొగను చూడనక్కరలేదు.