గుర్తులేదంటే అబద్ధమేనా?
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను, సామాజికశాస్త్ర పరిశోధకురాలిని. అయినా ఇవాళ మెదడు గురించి మాట్లాడతాను. ఎందుకంటే అత్యాచారం కేసుల్లో మన ఆడవాళ్లను నిలదీసేది జ్ఞాపకం దగ్గరే. "చొక్కా గుండీ గుర్తుంది, ఏ రోజో గుర్తులేదా?" అని లాయరు అడుగుతాడు. ఆమె తడబడుతుంది. తడబడితే అబద్ధం అంటారు.

భయం కలిగినప్పుడు అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను, కాస్త ఆలస్యంగా కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. మెదడులో నారడ్రినలిన్ పెరుగుతుంది. అమిగ్డలా అనే భాగం చురుకై, ఆ క్షణాన మనసు దేనిమీద నిలిచిందో దాన్ని గట్టిగా ముద్రవేయిస్తుంది. 1994లో కాలిఫోర్నియాలో కేహిల్, మెక్‌గా అనే శాస్త్రవేత్తలు ఒక పిల్లవాడు ప్రమాదానికి గురయ్యే కథను స్లైడులతో చూపించారు. మామూలుగా చూసినవారికి వారం తర్వాత కూడా ప్రమాద ఘట్టమే బాగా గుర్తుంది. నారడ్రినలిన్ పనిని అడ్డుకునే ప్రొప్రనలాల్ వేసుకున్నవారికి అది ప్రత్యేకంగా గుర్తులేదు.

ఏది ముందు, ఏది వెనుక, ఎక్కడ అని వరుస కూర్చడంలో ముఖ్యమైనది హిప్పోకాంపస్. తీవ్రమైన ఒత్తిడిలో దాని పని దెబ్బతినవచ్చు. అందుకే గుండీ మిగిలి, తేదీ జారిపోవచ్చు.

గుర్తుచేసుకునే వేళ ఒత్తిడి కూడా అడ్డే. జూరిచ్‌లో చేసి 2000లో ప్రచురించిన ప్రయోగంలో, కార్టిసోన్ ఇచ్చినవారు ముందురోజు నేర్చుకున్న మాటల్ని తక్కువగా చెప్పగలిగారు. ఇక పోలీస్‌స్టేషన్‌లో మగవాళ్ల మధ్య నిలబడ్డ మనిషి సంగతి?

సాక్షి మనసు వీడియో టేపు కాదని సుప్రీంకోర్టు 1983లోనే భార్వాడా కేసులో అన్నది. చిన్న చిన్న తేడాలు పట్టుకుని బాధితురాలి మాట కొట్టేయవద్దని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది. అయినా ఆ ప్రశ్నలు ఆగలేదు.

ఒక్క జాగ్రత్త. ఈ శాస్త్రం ఏ కేసునూ రుజువు చేయదు. గట్టి జ్ఞాపకంలోనూ పొరపాటు ఉండొచ్చు. మతిమరుపు అబద్ధానికి రుజువు కాదని మాత్రమే ఇది చెబుతుంది.

నా తప్పు కూడా చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒకమ్మాయి ఫిర్యాదు రాస్తూ, "సాయంత్రం ఆరయిందేమోనమ్మా?" అన్నాను. ఆమె తలూపింది, నేను రాసేశాను. కోర్టులో ఆ ఆరు గంటలే ఆమెను అబద్ధాలకోరును చేశాయి. ఆ టైము ఆమెది కాదు, నాది.

అందుకే ఖాళీలు మనం నింపొద్దు. ఆమె చెప్పిన వరుసలోనే రాద్దాం. గుర్తులేదంటే, గుర్తులేదనే రాద్దాం.